ఇన్‌ఫీల్డ్ పంచాంగం

మైకు కనిపిస్తే ఆగలేని జబ్బు నాకొక్కడికే ఉందని మీరనుకుంటే, అమెరికాలో ఏ తెలుగు సంఘం ఉగాది సభకూ మీరు వెళ్లలేదన్నమాట. అక్కడ ఉగాది పచ్చడి దగ్గర కన్నా మైకు దగ్గరే జనం ఎక్కువ. ఒకరు స్వీయ కవిత, ఒకరు ఘంటసాల పాట, ఇంకొకరు పిల్లలకు తెలుగు నేర్పడం ఎలా అని ఉపన్యాసం. (ఆయన పిల్లలు వెనక వరసలో ఇంగ్లీషులో కొట్టుకుంటుంటారు.) నేనూ వరసలో నిలబడ్డాను. నా వంతు రాగానే టెక్సస్ రేంజర్స్ బేస్‌బాల్ జట్టు ఇన్‌ఫీల్డ్‌కు పంచాంగ శ్రవణం చేశాను. నవ్వండి, పర్లేదు. మా ఆవిడ ఇంకా నవ్వుతూనే ఉంది.

2023 సంగతి ఇది. శోభకృత్ నామ సంవత్సరం. ఉగాది మార్చి 22న, రేంజర్స్ మొదటి ఆట 30న. బేస్‌బాల్‌లో సీజన్ మొదలయ్యే ముందు నెలంతా జోస్యాలే. ఏ జట్టు ఎన్ని గెలుస్తుంది, ఎవడు ఎన్ని కొడతాడు, ఎవడి మోచెయ్యి ఎన్నాళ్లు నిలుస్తుంది, అన్నీ ముందే తేల్చేస్తారు. ఆడాల్సినవి 162 ఆటలు. ఒక్క బంతి కూడా పడి ఉండదు. మన పంచాంగకర్తలైనా గ్రహాలను అడ్డం పెట్టుకుంటారు, వీళ్లకు ఆ మొహమాటం కూడా లేదు. నాలాంటి వాగుడుకాయకు ఇంతకన్నా అనువైన ఆట దొరుకుతుందా?

ఇన్‌ఫీల్డే ఎందుకంటారా? అక్కడే ఉంది నా టెక్కు అంతా. ఆ చలికాలంలోనే జట్టు జేకబ్ డిగ్రామ్ అనే మహా పిచ్చర్‌ను, అంటే మన లెక్కలో బౌలర్‌ను, 5 ఏళ్లకు 185 మిలియన్ డాలర్లిచ్చి తెచ్చుకుంది. డాలస్ చుట్టుపక్కలంతా డిగ్రామ్ మాటే. పిచ్చర్ గురించి ఎవడైనా మాట్లాడతాడు. సినిమా చూసొచ్చి హీరోను వదిలేసి ఎడిటింగ్ గురించి మాట్లాడేవాణ్ణి చూస్తే మనకు కాస్త బెరుకు పుడుతుంది కదా, ఆ బెరుకు నామీద పుట్టాలని నా కోరిక. అందుకే పిచ్చర్‌ను ఒక్క వాక్యంలో తేల్చేశాను: ‘ఈ ఏడు మనల్ని గట్టెక్కించేది డిగ్రామ్ ఒక్కడే.’ మిగతా సమయమంతా ఇన్‌ఫీల్డ్‌కు.

నాకు తెలిసిన లోతు ఎంతో కూడా మీకు చెప్పేస్తాను, ఇక దాచేదేముంది. నేను తెనాలి పక్క పల్లెలో టెన్నిస్ బాల్ క్రికెట్ ఆడి పెరిగినవాణ్ణి. ఇన్‌ఫీల్డ్ అంటే నాకు 30 గజాల వలయం. బేస్‌బాల్‌లో ఆ పేరు ముఖ్యంగా నలుగురిది: ఫస్ట్ బేస్, సెకండ్ బేస్, థర్డ్ బేస్, వీళ్లతోపాటు షార్ట్‌స్టాప్. ఈ షార్ట్‌స్టాప్‌కు సొంత బేసే ఉండదు, రెండో బేసుకూ మూడో బేసుకూ మధ్య నిలబడతాడు. కాపలా కాయడానికి ఒక బేసైనా లేనివాడికి అంత జీతం దేనికో నాకు చాలాకాలం ఎక్కలేదు. తీరా చూస్తే, కుడిచేతి బ్యాటర్ బలంగా లాగి కొట్టిన నేలబంతి వెళ్లేది ఎక్కువగా అతని వైపే. దాన్ని వంగి అందుకుని, కాళ్లు సర్దుకునే వ్యవధి లేకుండానే మైదానానికి అడ్డంగా ఫస్ట్ బేసుకు విసరాలి. బ్యాక్‌వర్డ్ పాయింట్‌లో జాంటీ రోడ్స్‌ను చూసినవాళ్లకు ఇంతకన్నా చెప్పక్కర్లేదు.

సరే, పురోహితులవారు రాశులవారీగా ఆదాయ వ్యయాలు, రాజపూజ్య అవమానాలు చదివేసి మైకు దించారో లేదో నేను అందుకున్నాను.

‘షార్ట్‌స్టాప్ కోరీ సీగర్. ఆదాయం 325, వ్యయం 325!’

హాలంతా గొల్లుమంది. ఆ నవ్వే నా కొంప ముంచింది. సీగర్‌కు జట్టు రాసిచ్చింది 10 ఏళ్లకు 325 మిలియన్ డాలర్లు. మొదటి ఏడాది, అంటే 2022లో, 33 హోమ్ రన్లు కొట్టినా బ్యాటింగ్ సగటు .245 దగ్గరే ఆగింది. జట్టు 68 గెలిచి 94 ఓడింది. అంత డబ్బు మట్టిలో పోసినట్టేనని తీర్పిచ్చాను. జనం నవ్వుతుంటే నాకు నాలుక మీద సరస్వతి ఉన్నట్టే అనిపించింది. ఇక ఆగుతానా.

సెకండ్ బేస్ మార్కస్ సిమియన్. 7 ఏళ్లు, 175 మిలియన్లు. 2021లో టొరాంటోకు ఆడుతూ 45 హోమ్ రన్లు కొట్టాడు, ఒక సీజన్లో ఏ సెకండ్ బేస్‌మన్ అన్ని కొట్టలేదు. టెక్సస్ వచ్చాక మాత్రం మే నెలాఖరుదాకా ఒక్కటీ లేదు. వయసు 32. ‘ఈయనకు ఈ ఏడు విశ్రాంతి యోగం’ అన్నాను. ఫస్ట్ బేస్ నథేనియల్ లో బ్యాటు బాగానే తిప్పుతాడు, 2022లో సగటు .302. ‘చేతికి గ్లోవు మాత్రం అలంకారానికే’ అన్నాను. థర్డ్ బేస్ జాష్ యంగ్ మీద నాకు కాస్త ప్రేమ ఉండేది. 2021లో మా ఫ్రిస్కోలోని రేంజర్స్ కింది స్థాయి జట్టుకు ఆడినవాడు, మా ఊరి కుర్రాడు అని చెప్పుకునేవాణ్ణి. కానీ ఆ ఏడాది పాదం, మరుసటి ఏడాది భుజం. నవ్వు కోసం ప్రేమను పక్కనపెట్టి ‘ఆరోగ్య భంగం, ఎక్కువకాలం మంచమే’ అని ముగించాను.

అప్పుడు వెనక వరసలోంచి ఒక పిల్లాడు, పదేళ్లుంటాయేమో, చెయ్యెత్తాడు. ‘అంకుల్, షిఫ్ట్ బ్యాన్ చేశారు కదా, సీగర్‌కి అది హెల్ప్ అవదా?’

‘అది చిన్న విషయం నాన్నా’ అన్నాను.

ఆ చిన్న విషయం ఏమిటో వినండి. ఎడమచేతి బ్యాటర్ వస్తే అప్పటిదాకా జట్లు ముగ్గురు ఇన్‌ఫీల్డర్లను కుడివైపుకు దొర్లించేవి. సీగర్ ఎడమచేతి బ్యాటర్. అతను ఎంత గట్టిగా కొట్టినా బంతి వెళ్లే దారిలో ముందే ఒకడు నిలబడి ఉండేవాడు. 2023లో నిబంధన మారింది: రెండో బేసుకు అటు ఇద్దరు, ఇటు ఇద్దరు ఉండాలి, నలుగురి కాళ్లూ ఇన్‌ఫీల్డ్ మట్టి అంచు దాటకూడదు. క్రికెట్ ఎరిగినవాడికి ఇది రామాయణం విన్నంత సులువుగా అర్థం కావాలి. బాడీలైన్ గొడవ తరవాత ఎప్పటికో లెగ్‌సైడ్‌లో స్క్వేర్ వెనక ఇద్దరికి మించి ఉండకూడదని మన ఆటలోనూ రాసుకున్నారు. ఫీల్డర్లను ఎక్కడ నిలబెట్టొచ్చో మార్చితే బ్యాటరే మారిపోతాడని నాకు పుట్టుకతో తెలుసు. తెలిసీ, మైకు చేతిలో ఉంది కదా అని, పదేళ్ల పిల్లాడి నోరు మూయించాను.

చప్పట్లు మాత్రం బాగా పడ్డాయి.

ఏప్రిల్ సగం కాకముందే సీగర్‌కు తొడ వెనక కండరం పట్టేసింది. నెలకు పైగా ఆట లేదు. ఆ వార్త చదివి నేను పొందిన తృప్తి మీకు చెప్పుకోవడానికి సిగ్గేస్తోంది. సొంత జట్టు ఆటగాడు కుంటుతుంటే కాఫీ ఇంకో కప్పు తాగాను. అంతటితో ఊరుకున్నానా? ఆఫీసులో మాకో ఫాంటసీ లీగ్ ఉండేది, తలా కొందరు ఆటగాళ్లను పంచుకుని, వాళ్లు నిజంగా కొట్టినదాన్నిబట్టి పాయింట్లు లెక్కేసుకునే పందెం. సీగర్ నా వాటాలోనే ఉన్నాడు. పక్క సీటు అతను, ఇక్కడే పుట్టి పెరిగినవాడు, ‘సీగర్‌ను నాకిస్తావా?’ అని అడిగాడు. మొహంలో జాలి తెచ్చిపెట్టుకుని, ‘గాయం ఉంది, తరవాత నన్ననకు’ అని హెచ్చరించి మరీ, ఒక మామూలు పిచ్చర్‌ను తీసుకుని సీగర్‌ను ఇచ్చేశాను. మోసం చేశానేమోనని ఆ రాత్రి కాస్త బాధపడ్డాను కూడా!

మే నెలలో సీగర్ తిరిగొచ్చాడు. ఆడినవి 119 ఆటలే. సగటు .327, హోమ్ రన్లు 33. అమెరికన్ లీగ్ అత్యుత్తమ ఆటగాడి ఓటింగులో షోహెయ్ ఓతాని తరవాత రెండో స్థానం అతనిదే. మూడో స్థానం ఎవరిదనుకున్నారు? నేను విశ్రాంతి యోగం రాసిన సిమియన్‌ది. ఆ విశ్రాంతిలో ఆయన 162 ఆటలకు 162 ఆడాడు. జులైలో ఆల్‌స్టార్ ఆటకు నా నలుగురిలో ముగ్గురు మొదటి వరసలో దిగారు, మంచం పట్టాల్సిన యంగ్‌తో సహా. ఆగస్టులో యంగ్ బొటనవేలు విరిగితే ‘చూశారా!’ అని లేచాను. అతను సెప్టెంబరులోనే వచ్చేసి నన్ను కూర్చోబెట్టాడు. అలంకారం గ్లోవు పెట్టుకున్న నథేనియల్‌కు ఫస్ట్ బేస్‌లో ఉత్తమ ఫీల్డింగ్‌కిచ్చే గోల్డ్ గ్లోవ్ ఇచ్చారు. మనల్ని గట్టెక్కించాల్సిన డిగ్రామ్ ఆరు ఆటలు మొదలుపెట్టి జూన్‌లో మోచేతి ఆపరేషన్‌కు వెళ్లిపోయాడు. ఒక్కటి తప్పితే గ్రహచారం అనుకోవచ్చు, అన్నీ తప్పడానికి పాండిత్యం ఉండాలి.

ఇంతకన్నా పెద్దది ఇంకోటి ఉంది. దగ్గరికి రండి.

అక్టోబరు 27, రేంజర్స్ చేరిన ఫైనల్ పోరు వరల్డ్ సిరీస్‌లో మొదటి ఆట, మా ఆర్లింగ్టన్‌లోనే, గ్లోబ్ లైఫ్ ఫీల్డ్‌లో. ఎంత పెట్టి టికెట్లు కొన్నానో ఇంట్లో ఇప్పటికీ తెలియదు, ఇది చదివితే తెలుస్తుంది. ఎనిమిది ఇన్నింగ్స్ అయ్యేసరికి అరిజోనా 5, మనం 3. ఈ జట్టు 2011లో వరల్డ్ సిరీస్ గెలుపుకు రెండుసార్లు ఒక్క స్ట్రైక్ దూరందాకా వెళ్లి పోగొట్టుకుంది. అప్పటికి నేను హైదరాబాదులో ఉన్నాను, అసలు బేస్‌బాలే తెలియదు, అయినా ఆ పాత ఏడుపును అరువు తెచ్చుకుని పెద్దమనిషిలా నిట్టూర్చడం అలవాటైంది. ఒక నిట్టూర్పు విడిచి, ‘ఇక ఇంతే, ఇప్పుడే లేస్తే పార్కింగ్‌లో ఇరుక్కోం’ అన్నాను. మా అబ్బాయి కదలనన్నాడు, ‘సీగర్ బ్యాటింగ్ ఉంది నాన్నా’ అన్నాడు, ‘ఉంటే ఏం, వాడు 325కి 325’ అని నేను, చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను, మెట్లు దిగాం, గేటు దాటాం, కారు దగ్గరికి చేరాం, రెండు నిమిషాల్లో హైవే ఎక్కేస్తామని గర్వంగా రేడియో పెట్టాను, ఒకడు అవుటయ్యాడు, సీగర్ వచ్చాడు, మొదటి బంతి, అనౌన్సరు గొంతు చిరిగిపోయింది, 5-5! గేటు దాటి బయటికొస్తే మళ్లీ లోపలికి రానివ్వరు. పదకొండో ఇన్నింగ్స్‌లో అడోలిస్ గార్సియా గెలిపించే హోమ్ రన్ కొట్టినప్పుడు మేం కార్లోనే ఉన్నాం. మావాడు ఆ రాత్రి నాతో మాట్లాడలేదు. పార్కింగ్‌లో మాత్రం ఇరుక్కోలేదు.

ఆట చివరిదాకా ఉండకుండా పార్కింగ్ కోసం లేచిపోయేవాళ్లు మీలోనూ ఉన్నారని నాకు తెలుసు. చేతులెత్తక్కర్లేదు.

నవంబరు 1న ఫీనిక్స్‌లో అయిదో ఆట గెలిచి రేంజర్స్ మొట్టమొదటి టైటిల్ కొట్టారు. ఆ పోస్ట్‌సీజన్లో బయటి ఊళ్లలో ఆడిన 11 ఆటల్లో ఒక్కటీ ఓడలేదు. సిరీస్ ఉత్తమ ఆటగాడు సీగరే. ఆఫీసులో పక్క సీటు అతను ఏమీ అనలేదు, ‘థాంక్స్’ అన్నాడంతే.

బుద్ధి రావాలి కదా? వచ్చింది, తలకిందులుగా. 2024లో ఉగాది దాకా కూడా ఆగలేక మార్చిలో శివరాత్రి జాగారంలోనే ప్రకటించేశాను: ఈ నలుగురూ ఉండగా రెండో కప్పు కూడా మనదే, రాసిపెట్టుకోండి. ఏప్రిల్ 1న యంగ్ మణికట్టుకు బంతి తగిలి విరిగింది, జులై చివరిదాకా కనిపించలేదు. జట్టు 78 గెలిచి 84 ఓడింది. 2025లో సంఘం వాళ్లు కార్యక్రమం పెద్దదైందని చెప్పి నాకు మైకు ఇవ్వలేదు. ఆ ఏడాది జట్టు లెక్క ఎంతో తెలుసా? గెలుపు 81, ఓటమి 81. ఆదాయ వ్యయాలు అంత చక్కగా సరిపోయిన ఏడాదిలోనే నా నోరు కట్టేశారు!

ఇప్పుడు ఆ నలుగురిలో ఇద్దరే మిగిలారు. నథేనియల్‌ను 2024 డిసెంబరులో వాషింగ్టన్‌కు పంపేశారు. 2025 నవంబరులో సిమియన్‌ను న్యూయార్క్ మెట్స్‌కు ఇచ్చి, బ్రాండన్ నిమ్మో అనే ఔట్‌ఫీల్డర్‌ను తెచ్చుకున్నారు. సెకండ్ బేస్ దగ్గర ఎవరు నిలబడాలన్న దాని మీద నాకొక గట్టి అభిప్రాయం ఉంది.

రాబోయేది పరాభవ నామ సంవత్సరం. కమిటీవాళ్లు ముందే ఫోన్ చేశారు. ‘అన్నా, ఈసారి వేదిక మీద అస్సలు టైం లేదు. నువ్వు పులిహోర కౌంటర్ చూసుకోవాలి, నువ్వయితేనే కుదురుతుంది’ అన్నారు, ఎంతో మర్యాదగా. సంతోషంగా ఒప్పుకున్నాను. వేదిక ముందు కూర్చున్నవాడు విసుగేస్తే లేచిపోతాడు. ప్లేటు చేతిలో పట్టుకుని వరసలో నిలబడ్డవాడు, నేను గరిటె దించేదాకా ఎక్కడికి పోతాడు?