ఎక్కిళ్లకు నీళ్లివ్వకండి

ఇంట్లో ఎవరికి ఎక్కిళ్లు మొదలైనా మన చెయ్యి ముందు నీళ్ల చెంబు మీదికే పోతుంది. డయాలసిస్ మీద ఉన్న మనిషికి మాత్రం ఆ చెంబు అందించకండి. వినడానికి ఇది కఠినంగానే ఉంటుంది. ఎక్కి ఎక్కి అలసిపోయిన నాన్నకు నీళ్లు వద్దనడానికి ఏ కూతురికీ మనసొప్పదు. చూడవచ్చిన చుట్టాలు నాలుగు మాటలు కూడా అంటారు. అననివ్వండి.

మూత్రం దాదాపు ఆగిపోయిన మనిషికి డాక్టరు రోజు మొత్తానికి రాసిచ్చే కొలత చాలాసార్లు లీటరుకు మించదు. పొద్దుటి కాఫీ, మధ్యాహ్నం మజ్జిగ, మాత్రలు మింగే గుక్కలు, అన్నీ అందులోవే. ఎక్కిళ్ల పేరుతో గంటకో గ్లాసు తాగిస్తే ఆ నీరంతా కాళ్లలో, ఊపిరితిత్తుల్లో చేరుతుంది. అక్కడితో ఆగదు. బయటికి పోయే దారి లేని నీరు రక్తంలో సోడియాన్ని పలచబరుస్తుంది, సోడియం పడిపోవడం కూడా ఎక్కిళ్లు తెప్పించే కారణాల్లో ఒకటి. ఆపాలని పోసిన నీళ్లే వాటిని పెంచొచ్చన్నమాట. నోరెండితే తడిగుడ్డతో పెదాలు అద్దండి. మరీ తట్టుకోలేకపోతే చిన్న ఐసు ముక్క చప్పరించనివ్వండి, దాన్నీ ఆ రోజు లెక్కలో వేయండి.

ఇంకో తలకిందుల మాట చెబుతాను. గబగబా గాలి పీల్చుకోమని చెప్పకండి.

ఎక్కిలి వచ్చినప్పుడు ఊపిరితిత్తుల కింద గొడుగులా పరుచుకుని ఉండే డయాఫ్రమ్ కండరం దానంతటది ఒక్కసారిగా బిగుసుకుని గాలిని లోపలికి లాగుతుంది. మరుక్షణమే గొంతులో స్వరతంత్రులు మూసుకుంటాయి. ఆ మూత పడిన చప్పుడే ఎక్కిలి. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరిగితే ఈ ఎక్కిళ్ల జోరు తగ్గుతుంది, పడిపోతే హెచ్చుతుంది. వేగంగా పీల్చి వదిలితే ఆ వాయువంతా బయటికి పోతుంది. అందుకని కపాలభాతి, భస్త్రిక ఇక్కడ పనికిరావు, టీవీలో ఎంత పెద్ద గురువుగారు చెప్పినా సరే. పనికొచ్చేది కుంభకం, అంటే పీల్చిన గాలిని కాసేపు లోపల నిలపడం.

2004లో ఒక ఎమర్జెన్సీ వైద్య పత్రికలో వచ్చిన పద్ధతి నాకు బాగా నచ్చుతుంది. మనిషిని నిటారుగా కూర్చోబెట్టండి. ముందు ఊపిరంతా వదిలేయాలి. తర్వాత నిండుగా పీల్చి పది సెకన్లు నిలపాలి. వదలకుండానే పైన ఇంకొంచెం పీల్చి అయిదు సెకన్లు, మళ్లీ ఇంకొంచెం పీల్చి మరో అయిదు సెకన్లు ఆపాలి. అప్పుడు నెమ్మదిగా వదలాలి. డయాఫ్రమ్ పూర్తిగా సాగి ఉంటుంది కాబట్టి మళ్లీ బిగుసుకోవడం దానికి కష్టమవుతుంది. ఇటు కార్బన్ డయాక్సైడ్ కూడా కొంత పెరుగుతుంది. అయితే ఈ పద్ధతి కిడ్నీ రోగులను దృష్టిలో పెట్టుకుని పుట్టింది కాదు. డయాలసిస్ యూనిట్‌లో డాక్టరు కనిపించినప్పుడు “మా నాన్నగారు ఊపిరి బిగబట్టొచ్చా?” అని ఒక్కసారి అడిగి మొదలుపెట్టండి. పది సెకన్లు ఆగలేకపోతే అయిదే ఆగనివ్వండి. ముక్కు మూసుకుని పొట్ట బిగించి ముక్కడం మాత్రం వద్దు. గుండె బలహీనంగా ఉన్నవాళ్లకు, షుగరుతో కంటి రక్తనాళాలు దెబ్బతిన్నవాళ్లకు ఆ ఒత్తిడి మంచిది కాదు.

ఊపిరి అసలు బిగబట్టకూడని రోజులూ ఉన్నాయి. డయాలసిస్‌కు ముందు రోజు నీరు చేరి ఆయాసంగా ఉన్నప్పుడు వద్దు. కిడ్నీ ఆగినవాళ్ల రక్తంలో ఆమ్లం పేరుకుంటుంది, దాన్ని సర్దడానికే శరీరం లోతుగా, వేగంగా ఊపిరి తీస్తుంటుంది. ఆ పనికి మనం అడ్డు తగలకూడదు. మిషన్ మీద ఉండగా బీపీ పడిపోతున్నప్పుడూ వద్దు, పక్కనున్న టెక్నీషియన్‌కు చెప్పండి చాలు. కాగితం సంచిలోకి ఊపిరి వదిలి పీల్చే చిట్కా వీళ్లకు వద్దు. ప్లాస్టిక్ కవరైతే ఎవరికీ, ఎప్పుడూ వద్దు. పొట్టలో రెండు లీటర్ల ద్రవం నింపుకుని ఇంట్లోనే డయాలసిస్ చేసుకునే సీఏపీడీ వాళ్లకు ఆ బరువే డయాఫ్రమ్‌ను పైకి తోయొచ్చు. ద్రవం దించాక ఎక్కిళ్లు తగ్గుతున్నాయేమో గమనించి నర్సుకు చెప్పండి.

ఇక నోట్లో వేసే వైద్యాలు. నా సలహా ఒక్కటే, దాదాపు ఏదీ వెయ్యకండి. ముందు కొబ్బరినీళ్ల సంగతి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, కవిటి, సోంపేట, కంచిలి వైపు, కొబ్బరితోటల మధ్యే వేల ఇళ్లలో కిడ్నీ జబ్బు ఉంది. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచింది అందుకే. ప్రేమ కొద్దీ ఓ బోండాం కొట్టి ఇవ్వడం అక్కడ ఎంత సహజమో ఊహించండి. గ్లాసు కొబ్బరినీళ్లలో సుమారు 500 నుంచి 600 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. డయాలసిస్ మనిషికి రోజంతటికీ అనుమతించేది తరచూ రెండు వేలకు అటూ ఇటూ. పొటాషియం పెరిగితే గుండె లయ తప్పుతుంది. ఉప్పద్దిన నిమ్మచెక్క దాహం పెంచుతుంది. తేనెలో నెమలీక భస్మం నాకించేవాళ్లున్నారు. ఏముందో తెలియని బూడిదను వడపోసే శక్తి ఆ కిడ్నీలకు లేదు. నాలుక మీద చెంచాడు పొడి పంచదార వేసుకుంటే ఆగుతున్నాయని 1971లో వైద్యులే రాశారు. షుగరు లేనివాళ్లు ఒకసారి చూడొచ్చు, వెనకాల నీళ్లు తాగకుండా. ఎవరో తలుచుకుంటున్నారని పేర్లు చెప్పుకునే అలవాటు ఉందే, దాన్ని మాత్రం నిక్షేపంగా కొనసాగించండి. అందులో పొటాషియం లేదు, మనిషి ధ్యాస కూడా మళ్లుతుంది.

ఎక్కిళ్లు మొదలవగానే ఎలా ఆపాలా అనుకునే ముందు “ఇవాళ ఏం తిన్నావు?” అని అడగండి. స్టార్ ఫ్రూట్, అదే కర్మరంగ, తిన్నానని చెబితే ఊపిరి చిట్కాలన్నీ పక్కనపెట్టి ఆసుపత్రికి బయల్దేరండి. ఆరోగ్యవంతుల కిడ్నీలు అందులోని విషపదార్థాన్ని బయటికి పంపేస్తాయి. డయాలసిస్ వాళ్లలో అది మెదడుకెక్కుతుంది. మొదటి గుర్తు చాలాసార్లు ఆగని ఎక్కిళ్లే. ఆ తర్వాత తికమక, ఫిట్స్, ప్రాణాపాయం. ఆ పదార్థాన్ని 2013లో బ్రెజిల్ శాస్త్రవేత్తలు గుర్తించి కారంబాక్సిన్ అని పేరు పెట్టారు. దీనికి వైద్యం వెంటనే, గట్టిగా చేసే డయాలసిస్సే. కాస్తే తిన్నాడు కదా అని ఊరుకోకండి.

మందుల షాపు మాత్ర గురించి మరీ మరీ చెబుతున్నాను. ఎక్కిళ్లకు బాక్లోఫెన్ వాడతారు, పక్కింటాయనకు పనిచేసి కూడా ఉంటుంది. ఆ మందులో ఎక్కువ భాగం కిడ్నీల ద్వారానే బయటికి పోవాలి. కిడ్నీలు పనిచెయ్యని ఒంట్లో అది నిలిచిపోతుంది. చిన్న మోతాదుకే మనిషి మత్తులోకి, అయోమయంలోకి, కోమాలోకి జారిన సందర్భాలున్నాయి. గాబాపెంటిన్‌కూ ఇదే జాగ్రత్త. రెండు రోజులు కంటి మీద కునుకు లేని మనిషి మాత్ర వేసుకున్నాక ఎక్కిళ్లు ఆగి హాయిగా పడుకుంటే ఇంటిల్లిపాదీ తేలికపడతారు. మీరు తేలికపడకండి. తట్టి లేపండి. పేరు చెప్పమనండి, ఇవాళ ఏ వారమో అడగండి. జవాబు తడబడితే ఆసుపత్రికి తీసుకెళ్లండి, మాత్రల అట్ట కూడా వెంట పట్టుకెళ్లండి.

ఛాతీ నొప్పి, ఆయాసం, మాట ముద్దగా రావడం, చెయ్యీ కాలూ పట్టు తప్పడం, వీటిలో ఏ ఒక్కటి ఎక్కిళ్లతో కలిసినా 108కి ఫోన్ చెయ్యండి. ఎక్కిళ్లు గుండెపోటుకు, పక్షవాతానికి కూడా గుర్తు కావొచ్చు. ఇవేవీ లేకపోయినా 48 గంటలు దాటితే వాటిని మొండి ఎక్కిళ్ల కింద లెక్కేస్తారు. అప్పటిదాకా ఆగక్కరలేదు కూడా. ఒక డయాలసిస్ తప్పిపోయి ఎక్కిళ్లు మొదలైతే, అవి రక్తంలో పేరుకున్న మలినాల వల్లే కావొచ్చు. ఆ రోజే యూనిట్‌కు ఫోన్ చేసి మిషన్ ఖాళీ ఉందేమో అడగండి. వెళ్లేటప్పుడు ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి: ఎక్కిళ్లు ఎప్పుడు మొదలయ్యాయి, నిద్రలోనూ వస్తున్నాయా, ఆఖరి డయాలసిస్ ఎప్పుడు, అప్పటి నుంచి బరువెంత పెరిగింది, ఈ వారం కొత్తగా వేసుకున్న మాత్రలేవి.