ఎవరి పొల్ల?

జూన్ వచ్చిందంటే పెద్ద కొడప్‌గల్‌లో వానల కంటే ముందు పసుపుపచ్చ బస్సులు దిగుతాయి. 161వ నంబరు జాతీయ రహదారి మీద నుంచి ఊళ్లలోకి, తండాల్లోకి మళ్లి, మూడేళ్ల పిల్లల్ని కూడా ఎక్కించుకుపోతాయి. బస్సు ఎక్కే పిల్లలు పెరిగిన కొద్దీ అంగన్‌వాడీలో చాప ఖాళీ అవుతుంది.

2016లో కామారెడ్డి జిల్లాలో కొత్త మండలమైన ఈ ప్రాంతం మహారాష్ట్ర, కర్ణాటకలకు దగ్గర. తెలుగు, మరాఠీ, కన్నడ, లంబాడీ ఇక్కడ చెవిన పడుతూనే ఉంటాయి. ఇంటి భాష ఏదైనా, పిల్లలందరూ రూపాయి ఖర్చు లేకుండా కలిసి కూర్చోగల మొదటి బడి అంగన్‌వాడీయే.

అలాంటి ఒక కేంద్రానికి సాయంత్రం నాలుగు కావస్తుండగా ఓ రైతు వచ్చాడు. కూతురికి మూడేళ్లు నిండాయి. కందులు అమ్మిన పైసల్లో కొంత పక్కన పెట్టి, హైవే మీది ప్రైవేటు బడిలో నర్సరీ ఫీజు కట్టేశాడు.

"టీచరమ్మా, మా పొల్ల పేరు కొట్టెయ్. రేపటి సంది బస్సుకు తోలుతున్న."

'అమ్మ మాట – అంగన్‌వాడీ బాట' అంటూ ఇల్లిల్లూ తిరిగినప్పుడు టీచరు వాళ్లింటికీ వెళ్లింది. అయినా కోపం చూపలేదు.

"ఈడ ఏం తక్కువైంది తమ్మీ?"

"తక్కువని గాదు. అన్నం పెడ్తరు, గుడ్డు పెడ్తరు, ఆడిపిస్తరు. మరి చదువేది? ఆ బడిల మేడం నా ముంగటనే పిల్లలతోటి ఏబీసీడీలు గడగడ చెప్పిచ్చింది. నిండా రాసిన నోటుబుక్కులు సూపెట్టింది."

"అన్నం, గుడ్డు అంటే అగ్గువ గాదు తమ్మీ. అది నీ పొల్ల హక్కు" అంది టీచరు. ఆ మాట నిజం. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు పోషకాహారం అందాలని 2013 ఆహార భద్రతా చట్టం రాసిపెట్టింది. అది ఎవరో చేసే దానం కాదు.

రైతు అడిగిన దాంట్లోనూ న్యాయముంది. నెలనెలా తూకాలు, గర్భిణుల భోజనాలు, బాలామృతం పంపిణీ, రిజిస్టర్లు, ఫోన్లో పోషణ్ ట్రాకర్ అన్నీ ఆ ఒక్క టీచరు నెత్తినే ఉన్నాయి. పిల్లలతో కూర్చోవాల్సిన గంటల్ని ఈ పనులు కోసేస్తున్నాయి. తల్లిదండ్రులు చదువు గురించి అడిగితే జవాబు చెప్పాల్సింది టీచరు ఒక్కతే కాదు, ఆమెకు ఇన్ని పనులు అప్పగించిన వాళ్లు కూడా.

రైతు మాట్లాడుతూనే చాప వైపు చూశాడు. మూడున్నరేళ్లుండే పాప ఒకతె కలిపి పోసిన కందులు, పెసలు, సోయా గింజల్ని వేరు చేస్తోంది. ఒక్కో గింజనూ రెండు వేళ్లతో పట్టి, కుప్ప మారినప్పుడల్లా దాని పేరు చెబుతోంది. పక్కన కూర్చున్న తండా పిల్లాడికి తెలుగు అర్థం కాకపోతే, వాడి దగ్గరే నేర్చుకున్న లంబాడీ మాటలతో మళ్లీ చెబుతోంది. మధ్యలో కాకి కథ ఎత్తుకుని ఎక్కడా తడబడకుండా ముగించింది.

"ఎంత మంచిగ చెప్తున్నది! ఎవరి పొల్ల?"

"వాళ్లమ్మ వచ్చే యాళ్లయింది, నువ్వే సూడు" అంది టీచరు. "గింజలు ఏరుడంటే ఉత్త ఆట అనుకుంటవ్. రెండు వేళ్లల్ల గింజ నిలిస్తే రేపు పెన్సిల్ నిలుస్తది. ఇప్పుడే పెన్సిల్ పట్టిస్తే ఆ వేళ్లు నొస్తయ్."

పెద్ద చదువుల వాళ్లు చెప్పేదీ ఇదే. మెదడు ఎదుగుదలలో 85 శాతానికి పైగా ఆరేళ్లలోపే జరుగుతుందని 2020 జాతీయ విద్యా విధానం పేర్కొంది. ఆ వయసులో చదువు ఆటపాటలతో సాగాలని కోరింది.

రైతుకు నమ్మకం కుదరలేదు. "గిట్లనే చెప్తరు గని టీచరమ్మా, చదువు సంగతి తెల్సినోళ్లు ఎవరన్న తమ పిల్లల్ని ఈడికి తోలుతరా?"

అంతలో బస్సు వచ్చి మలుపు దగ్గర ఆగింది. అందులోంచి చేతిసంచీతో ఒకామె దిగి కేంద్రం వైపు నడిచి వచ్చింది. ఆమెను చూడగానే రైతు గబుక్కున లేచి నిలబడ్డాడు. తన ముందు ఏబీసీడీలు చెప్పించిన నర్సరీ మేడమే ఆమె.

"నమస్తే మేడం! మా పొల్ల కోసమే వచ్చిండ్రా? రేపు పొద్దుగాల్నే పంపుత."

ఆమె జవాబిచ్చే లోపే గింజలు ఏరుతున్న పాప "అమ్మా!" అంటూ ఉరికింది.

రైతుకు కాసేపు మాట రాలేదు. ఆమే మెల్లగా చెప్పింది. "మా దగ్గర పిల్లలు శానామంది, చూసుకునేది నేనొక్కదాన్నే అన్నా. తల్లిదండ్రులకు నోటుబుక్కు నిండుగ కనవడాలె. అందుకని మూడేళ్లోళ్లను గూడ కూసోబెట్టి రాయిస్తం. వాళ్లు ఏడుస్తున్నా రాయిస్తం. నా బిడ్డకు ఇంకో ఏడాదిన్నర ఆడుకునే వయసే."

రైతుకు ఇంకా ఒక అనుమానం మిగిలింది. మొహమాటపడుతూనే అడిగాడు. "ఫీజు భారమయ్యి ఈడ ఏసిండ్రా మేడం?"

"లేదన్నా. స్టాఫ్ పిల్లలకు మా బడిల ఫీజు మాఫీ. ఊకెనే చేర్చుకుంటమన్నరు. నేనే వద్దన్న."