మేయరు గారి జీవిత చరిత్ర

శ్రీకాకుళం మేయరు జీవిత చరిత్ర రాయడం మహా తేలిక: తెల్లకాగితాలు కుట్టి అట్ట వేస్తే సరి. 1856 నాటి ఈ పురపాలక సంఘంలో 2010లో పాలకవర్గం గడువు తీరింది. 2014లో రాష్ట్రంలో మున్సిపల్ ఎన్నికలు జరిగినా ఇక్కడ జరగలేదు. 2015లో కార్పొరేషన్ హోదా మాత్రం వచ్చిపడింది. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, బోర్డు మారింది గానీ మేయరు పుట్టలేదు. అదే ఏడాది అదే హోదా అందుకున్న పొరుగు విజయనగరం 2021 మార్చిలో 50 డివిజన్లకు ఓట్లేసి, వెంపడాపు విజయలక్ష్మిని తొలి మేయరుగా కూర్చోబెట్టుకుంది. శ్రీకాకుళం ఓటరు ఆ ఫలితాలు పేపర్లో చదువుకున్నాడు.

ఎన్నికలు ఎందుకు లేవంటే, నగరంలో గ్రామాల విలీనం మీద కోర్టు చిక్కులున్నాయి కదా అంటారు. ఉన్నాయి, అయితే పేచీ సరిహద్దు గీతది, ఓటుది కాదు. పాలకవర్గం గడువు ఐదేళ్లేనని, అది తీరేలోగా ఎన్నికలు ముగియాలని రాజ్యాంగం 243యు అధికరణ చెబుతోంది. సంతకాలు పెట్టేది కమిషనరే, మేయరుంటే మాత్రం పాలు పొంగుతాయా అన్నది రెండో వాదన. పొంగకపోవచ్చు. కానీ మూతలేని కాలువ దగ్గర నిలబెట్టి నిలదీయడానికి డివిజనుకో కార్పొరేటరు దొరుకుతాడు. నచ్చకపోతే ఐదేళ్లకు దించేయొచ్చు. పాలకవర్గం లేనిచోట పాలించే ప్రత్యేకాధికారిని దించేది బదిలీ ఉత్తర్వు, ఓటరు కాదు. ఇంటిపన్ను నోటీసు మాత్రం ఠంచనుగా గుమ్మం తొక్కుతుంది. పాపం, దానికి ఏ కోర్టు చిక్కూ లేదు!