సౌండ్ రాలేదా? అయితే ఏమీ చేయకండి

పాట తెరిచారు. వీణ ట్రాక్‌లో నోట్లన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. ప్లే నొక్కితే మాత్రం మీటర్ కదలదు. తెర మీద ఒక పెట్టె తెరుచుకుని, ఫలానా శాంపిల్స్ దొరకడం లేదంటోంది. ఇప్పుడు ఎవరిని అడిగినా చెప్పే మందులు నాలుగే. ప్లగిన్ తీసేసి మళ్లీ వేయి, కొత్త వెర్షన్‌కి అప్‌డేట్ చెయ్యి, కంప్యూటర్ మొత్తం వెతికించు, లైబ్రరీలన్నీ ఒక ఫోల్డర్‌లోకి సర్దు. నేను చెప్పబోయేవి ఈ నాలుగింటికీ ఎదురు. తలతిక్క సలహాలని నా తోటి మ్యూజిక్ ప్రోగ్రామర్లే అంటారు. అననివ్వండి. ప్లగిన్ మొరాయించి పోయిన పాటలకన్నా, దాన్ని బాగుచేయబోయి పోగొట్టుకున్న పాటలే ఎక్కువ చూశాను. అందుకే వీటిని పాటించమని మిమ్మల్ని బతిమాలుతున్నాను.

మొట్టమొదట, ఏమీ చేయకండి. ముఖ్యంగా సేవ్ నొక్కకండి. క్యూబేస్ అయినా, లాజిక్ అయినా, ఎఫ్ఎల్ స్టూడియో అయినా, ఏ వాయిద్యం ఎంచుకున్నారు, ఏ నాబ్ ఎంత తిప్పారు అన్నది పాట ఫైల్‌లోనే దాచుకుంటుంది. లైబ్రరీ దొరకనప్పుడు కొన్ని ప్లగిన్లు పూర్తి ఖాళీగా తెరుచుకుంటాయి. ఆ ఖాళీ మీద సేవ్ చేశారంటే వీణ వివరాలన్నీ చెరిగిపోయినట్టే. రేపు లైబ్రరీ దొరికినా ఏ ప్యాచ్ వేశారో, గమకానికి ఏ సెట్టింగ్ పెట్టారో మళ్లీ గుర్తు తెచ్చుకుంటూ కూర్చోవాలి. అది సరిగ్గా గుర్తొచ్చినవాళ్లను నేను చూడలేదు. సేవ్ చేయకుండానే మూసేయండి. మూసేముందు ఇంకేదైనా కాపాడుకోవాల్సి ఉంటే వేరే పేరుతో సేవ్ చేసుకోండి, పాత ఫైల్‌ని మాత్రం ముట్టుకోవద్దు.

రెండోది, ప్లగిన్‌ని మళ్లీ ఇన్‌స్టాల్ చేయకండి. ఇది చాలామందికి మింగుడుపడదు. పనిచేయనిదాన్ని తీసి మళ్లీ పెట్టడం మనకు చేతి అలవాటు. కానీ శబ్దం ప్లగిన్‌లో ఉండదు. ఒకప్పటి శాంప్లర్లు శబ్దాన్నంతా మెమరీలోకి ఎక్కించుకునేవి, అందుకే చిన్న చిన్న ముక్కలతో సరిపెట్టుకునేవాళ్లు. 1998లో గిగాశాంప్లర్ వచ్చాక ఆ పద్ధతి మారింది. ప్రతి శబ్దం మొదటి ముక్కను మాత్రం మెమరీలో ఉంచుకుని, మిగతాది మీట నొక్కినప్పుడు డిస్క్ నుంచి చదువుకోవడం మొదలైంది. నేటివ్ ఇన్‌స్ట్రుమెంట్స్ వాళ్లు 2002లో తెచ్చిన కాంటాక్ట్ శాంప్లర్ కూడా ఈ దారే పట్టింది. లైబ్రరీలు గిగాబైట్లలోకి పెరగగలిగింది ఇందువల్లే. ఆమ్నిస్ఫియర్ 2 లైబ్రరీ అరవై గిగాబైట్లు దాటుతుంది. స్పిట్‌ఫైర్ వాళ్ల బీబీసీ సింఫనీ ఆర్కెస్ట్రా ప్రొఫెషనల్ అయితే దాదాపు ఆరువందలు. కాంటాక్ట్‌లో మీరు తెరిచే ఎన్‌కేఐ ఫైల్ చాలా చిన్నది. అందులో శబ్దం ఉండదు, శబ్దం ఎక్కడుందో రాసి ఉంటుంది. అసలు శబ్దం వేరే ఫోల్డర్లలో, పెద్ద పెద్ద ఫైళ్లలో ఉంటుంది.

అంటే మీ వీణ ఎక్కడికీ పోలేదు. ఇల్లు మారినవాళ్లకు పాత డోర్ నంబరు మీద ఉత్తరం వేసినట్టయింది, అంతే. ప్లగిన్‌ని ఎన్నిసార్లు తీసి వేసినా ఆ పాత చిరునామా మారదు. పైగా ఇన్‌స్టాలర్ లైబ్రరీని కూడా మళ్లీ దింపడం మొదలుపెడితే, నెల డేటా ఖర్చయ్యి, సీ డ్రైవ్ నిండి, ఒకే లైబ్రరీ రెండు కాపీలు మిగులుతాయి. అప్పటిదాకా ఒక్కటే ఉన్న సమస్య రెండవుతుంది.

మరి చేయాల్సిందేమిటి? చదవండి. ఆ పెట్టెలో వచ్చిన దారిని అక్షరం అక్షరం చదవండి. ఎవరూ చేయని పని ఇదే. ఒక కుర్రాడి సంగతి చెబుతాను. జానపద గీతాలకు ట్రాకులు చేస్తాడు. బతుకమ్మ పాటల సీజన్, రేపు రిలీజ్ అనగా ఫోన్ చేశాడు.

"అన్నా, డప్పు ఖాళీగ వస్తున్నది. అంతా తీసేసి మళ్ల ఏస్తున్న."

"ఏం తియ్యకు తమ్మీ. మౌస్ పక్కన పెట్టు. ఆ డబ్బాల ఏం రాసున్నదో సదువు."

ఒక్కొక్క ముక్కా చదివాడు. దారి మొదట్లో ఉన్నది ఈ అనే డ్రైవ్ అక్షరం. ఇప్పుడు నీ డిస్క్ ఏ అక్షరం మీద ఉందో చూడమన్నాను. ఎఫ్ అన్నాడు. వీడియో ఎడిటర్ పొద్దున తన పెన్‌డ్రైవ్ ముందు గుచ్చాడు, అది ఈ అనే అక్షరాన్ని తీసుకుంది. లైబ్రరీ డిస్క్ తర్వాత గుచ్చేసరికి విండోస్ దానికి తర్వాతి అక్షరం ఇచ్చింది. పెన్‌డ్రైవ్ తీసి, డిస్క్‌కి పాత అక్షరం తిరిగి ఇప్పించాం. డప్పు మోగింది. డప్పులో గానీ ప్లగిన్‌లో గానీ లోపమేమీ లేదు.

కాబట్టి విండోస్ వాడేవాళ్లు డిస్క్ మేనేజ్‌మెంట్‌లోకి వెళ్లి, లైబ్రరీ డిస్క్‌కి ఎస్ లాంటి వెనకాల అక్షరం ఒకటి శాశ్వతంగా కేటాయించండి. పెన్‌డ్రైవ్‌లు ముందు అక్షరాలు ఆక్రమించుకుంటాయి, అంత వెనక్కి రావు. లైబ్రరీలు వేయకముందే ఈ పని చేస్తే మరీ మంచిది. మ్యాక్‌లో అక్షరాలు లేవు, డిస్క్ పేరే దారి. డిస్క్‌ని ఎజెక్ట్ చేయకుండా లాగేస్తే ఒక్కోసారి పాత పేరుతో ఖాళీ ఫోల్డర్ మిగిలిపోతుంది. మళ్లీ గుచ్చినప్పుడు దారిలో పేరు చివర 1 అంకె చేరుతుంది. బయటికి డిస్క్ మామూలుగానే కనిపిస్తుంది గనుక ఎవరికీ అనుమానం రాదు. 2019లో వచ్చిన కటాలినా నుంచి ఇంకో మెలిక ఉంది. బయటి డిస్క్ చదవడానికి అనుమతి అడుగుతుంది, ఆ అనుమతి ప్లగిన్ పేరు మీద ఉండదు, లాజిక్ లాంటి సాఫ్ట్‌వేర్ పేరు మీద ఉంటుంది. తొందరలో వద్దని నొక్కితే ఆ సాఫ్ట్‌వేర్‌లో తెరిచే ప్రతి ప్లగిన్‌కీ ఆ డిస్క్ మూసుకుపోతుంది. ప్రైవసీ సెట్టింగ్స్‌లో చూడండి.

మూడోది, కంప్యూటర్ మొత్తం వెతికించకండి. కాంటాక్ట్ ఆ సదుపాయం ఇస్తుంది, సులువుగానూ కనిపిస్తుంది. నాకు మాత్రం అదంటే భయం. శాంపిల్ ఫైళ్ల పేర్లు ప్రపంచమంతా ఒకేలా ఉంటాయి. కిక్ 01 అనే ఫైల్ మీ డిస్క్‌లో ఎన్ని లైబ్రరీల్లో ఉందో ఒకసారి మీరే వెతికి చూడండి. అంతకన్నా ప్రమాదం, వెతుకులాట మీ బ్యాకప్ డిస్క్‌లోని కాపీని పట్టుకోవడం. ఆ రోజుకి అన్నీ పనిచేస్తాయి, మీరు సంతోషంగా సేవ్ చేస్తారు. వారం తర్వాత బ్యాకప్ డిస్క్ తీసి బీరువాలో పెట్టగానే మళ్లీ మూగబోతుంది. ఈసారి కారణం కనుక్కోవడం ఇంకా కష్టం. లైబ్రరీ ఎక్కడుందో మీకు తెలుసు కదా, ఆ ఒక్క ఫోల్డర్‌నే మీ చేత్తో చూపించండి.

చూపించేటప్పుడు ఎక్కడ చూపించాలన్నదీ ముఖ్యమే. నేటివ్ ఇన్‌స్ట్రుమెంట్స్ వాళ్ల యాప్ నేటివ్ యాక్సెస్‌లో నమోదైన లైబ్రరీ అయితే అక్కడే లొకేట్ నొక్కి కొత్త చోటు చెప్పాలి. స్పిట్‌ఫైర్ లాంటివాళ్లకు వాళ్ల సొంత యాప్ ఉంది, అందులోనూ ఇదే పని. అలా నమోదు కాని లైబ్రరీలకు కాంటాక్ట్ ఫైల్ మెనూలో బ్యాచ్ రీసేవ్ ఉంది. మొత్తం ఫోల్డర్‌లోని ప్యాచ్‌లన్నింటిలో చిరునామా ఒకేసారి సరిచేస్తుంది. దానికిముందు ఎన్‌కేఐ ఫైళ్లను కాపీ చేసి పక్కన పెట్టుకోండి, చిన్నవే కాబట్టి నిమిషం పట్టదు. ఇదంతా అయ్యాక పాట తెరిచి, వీణ వినబడ్డాక, అప్పుడు సేవ్ నొక్కండి.

ఆమ్నిస్ఫియర్‌ది వేరే కథ. దాని శబ్దాలన్నీ స్టీమ్ అనే ఫోల్డర్‌లో ఉంటాయి. ఆ ఫోల్డర్‌ని వేరే డిస్క్‌లో పెట్టి, అసలు చోట ఒక షార్ట్‌కట్ ఉంచవచ్చు. విండోస్‌లో షార్ట్‌కట్ చేయగానే పేరు చివర ఒక అడ్డగీత, షార్ట్‌కట్ అనే మాట తనంతట తానే చేరతాయి. ఆ తోక కత్తిరించి పేరు అచ్చంగా స్టీమ్ అని మాత్రమే ఉంచాలి. తోక ఉన్నంతకాలం ప్లగిన్ ఆ షార్ట్‌కట్‌ని గుర్తించదు. ఇంత చిన్నదానికి సిస్టమ్ మొత్తం ఫార్మాట్ కొట్టించినవాళ్లు ఉన్నారు.

నాలుగోది, సర్దకండి. లైబ్రరీలు మీకు ఎంత గజిబిజిగా కనిపించినా, పనిచేస్తున్నంతకాలం ఫోల్డర్ పేరు మార్చకండి, లోపలి ఫోల్డర్‌ని బయటికి తీయకండి, స్ట్రింగ్స్ అన్నీ ఒకచోట పెడదామనుకోకండి. సర్దాలనే కోరిక బలంగా ఉంటే ఫోల్డర్లను వదిలేసి కాంటాక్ట్ లోపలి క్విక్‌లోడ్‌లో సర్దుకోండి, అక్కడ ఎలా అమర్చినా అసలు ఫైళ్లు కదలవు.

డాక్యుమెంట్స్ ఫోల్డర్‌లో మాత్రం లైబ్రరీ ఎప్పుడూ పెట్టవద్దు. చాలా విండోస్ కంప్యూటర్లలో ఇప్పుడు డాక్యుమెంట్స్ వన్‌డ్రైవ్ చేతిలో ఉంటుంది. చోటు మిగల్చడానికి అది వాడని ఫైళ్లను ఇంటర్నెట్‌లోకి పంపి, పేరు మాత్రం ఇక్కడ ఉంచుతుంది. మీకు ఫైల్ కనబడుతూనే ఉంటుంది, ప్లగిన్‌కి మాత్రం శబ్దం అందదు. మ్యాక్‌లో ఐక్లౌడ్ చేసేదీ ఇదే. జిప్ విప్పేటప్పుడు కూడా ఒక సంగతి గుర్తుంచుకోండి. విండోస్‌లో దారి మొత్తం పొడవు మామూలుగా 260 అక్షరాలు దాటకూడదు. డౌన్‌లోడ్స్ లోపల ఫోల్డర్, దానిలో అదే పేరుతో ఇంకో ఫోల్డర్, అందులో కంపెనీ పేరు, లైబ్రరీ పేరు, శాంపిల్స్, ఆపైన బారెడు ఫైల్ పేరు. కొన్ని ఫైళ్లు విప్పకుండానే మిగిలిపోతాయి. ప్యాచ్‌లో పైస్థాయి స్వరాలు మోగి కిందివి మోగకపోతే మొదట ఇదే చూడండి. డిస్క్ మొదట్లోనే, పొట్టి పేరున్న ఫోల్డర్‌లో విప్పితే సరిపోతుంది. పాత పెన్‌డ్రైవ్‌ల ఫ్యాట్32 పద్ధతిలో నాలుగు గిగాబైట్లు, అంతకు మించిన ఫైల్ పట్టదు. లైబ్రరీ మోయడానికి అది పనికిరాదు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఉచితంగా దొరికే కాంటాక్ట్ ప్లేయర్‌లో, పూర్తి కాంటాక్ట్ కోసం చేసిన లైబ్రరీ తెరిస్తే 15 నిమిషాలు మోగి ఆగిపోతుంది. దాన్ని రిపేరు చేయించమని కుర్రాళ్లు అడుగుతుంటారు. అది లోపం కాదు, డెమో గడువు. దాన్ని దాటడానికి ఎవరో ఇచ్చిన క్రాక్ లైబ్రరీ డిస్క్ తెచ్చుకోకండి. ఆ డిస్క్‌లో చిరునామాలు ఎవరి కంప్యూటర్‌వో, కొన్ని ఫైళ్లు ఎవరు మార్చారో తెలియదు. ముందు చెప్పిన యాప్‌లేవీ వాటిని గుర్తుపట్టవు. దానికన్నా పెద్ద సంగతి, ఆ శాంపిల్స్ కోసం మనలాంటి వాయిద్యకారుడే ఒక్కొక్క స్వరాన్ని మెల్లగా, గట్టిగా, మళ్లీ మళ్లీ వాయించాడు. మన పాటకు రాయల్టీ రాలేదని బాధపడేవాళ్లం అతని వాయింపును ఊరికే తీసుకోకూడదు. డబ్బు లేకపోతే స్పిట్‌ఫైర్ ల్యాబ్స్ ఉచితంగా ఉంది, బీబీసీ ఆర్కెస్ట్రాకి డిస్కవర్ అనే చిన్న ఉచిత వెర్షన్ ఉంది. పాటలు వాటితో కూడా అవుతాయి.

అప్‌డేట్ సంగతి క్లుప్తంగా చెబుతాను. పాట సగంలో ఉండగా చేయకండి. కొత్త కాంటాక్ట్‌లో సేవ్ చేసిన ప్యాచ్ పాత కాంటాక్ట్‌లో తెరుచుకోదు. మీరు ఇంట్లో అప్‌డేట్ చేసి, మిక్సింగ్ స్టూడియోలో పాత వెర్షన్ ఉంటే, అక్కడ గంటకి డబ్బు కడుతూ ఖాళీ ట్రాకుల ముందు కూర్చోవాలి. పాట అప్పజెప్పాక చేసుకోండి.

చివరిది నా తోటివాళ్లు అన్నింటికన్నా ఎక్కువ తప్పుపట్టే సలహా. ప్లగిన్‌ని నమ్మకండి. పాటలో ఒక వాయిద్యం పని అయిందనిపించగానే, ఆ రోజే దాన్ని ఆడియోగా బౌన్స్ చేసి పాట ఫోల్డర్‌లోనే ఉంచండి. తర్వాత మార్చుకునే వీలు పోతుందని వాళ్లంటారు. పోదు, మిడి ట్రాక్ పక్కనే మ్యూట్‌లో ఉంటుంది. పోయేది దేన్నీ తేల్చుకోలేని మన గుణం. నాలుగేళ్ల తర్వాత నిర్మాత అదే పాటకి కొత్త మిక్స్ అడిగినప్పుడు, లైబ్రరీ కంపెనీ ఉందో లేదో, ఆ డిస్క్ తిరుగుతోందో లేదో మీకు అనవసరం. వేవ్ ఫైల్‌కి ఏ ప్లగినూ అక్కరలేదు. స్టూడియోకి పంపేటప్పుడు కూడా ప్రాజెక్ట్‌తోపాటు స్టెమ్స్ పంపండి, అన్నీ మొదటి బార్ నుంచే మొదలయ్యేలా, పాట ఏ శాంపిల్ రేటులో ఉందో అదే రేటులో.

ఆ ఫోల్డర్‌లోనే ఒక చిన్న టెక్స్ట్ ఫైల్ పెట్టండి. ట్రాక్ పేరు, ప్లగిన్ పేరు, దాని వెర్షన్, లైబ్రరీ, ప్యాచ్, ఆ లైబ్రరీ ఏ డిస్క్‌లో ఏ దారిలో ఉంది. ట్రాక్‌కి ఒక వరుస చాలు. ప్లగిన్ కిటికీని స్క్రీన్‌షాట్ తీసి దాని పక్కనే వేయండి, నాబ్‌లు ఎక్కడున్నాయో అందులో కనబడతాయి. తేదీ కూడా రాయండి.