అయిదో వాటాదారు

కోయంబత్తూరు కోట్టైమేడులో ముస్లిం వ్యాపారి రంజాన్ వచ్చిందంటే లెక్కల పుస్తకం తీస్తాడు. ఏడాదిపాటు తన దగ్గరే ఉన్న సొమ్ము మీద, బంగారం మీద నూటికి రెండున్నర జకాత్. అది ఎవరికి చెందాలో ఖురాన్ ఎనిమిది తరగతులుగా చెప్పేసింది, సందు దొరకడం కష్టం. క్రైస్తవుడిది పదోవంతు. పీఎఫ్ కోయకముందు జీతంలోనా, కోసాక చేతికొచ్చిన దాంట్లోనా అన్న తగువు మాత్రం తెగలేదు. సిక్కులదీ పదోవంతే.

ఇక హిందువైన మన నాయుడుగారికి శాస్త్రం 'యథాశక్తి' అని వదిలేసింది. కూతురి పెళ్ళి విందులో లక్షలు పలికే ఆ శక్తి, హుండీ ముందుకొచ్చేసరికి చిల్లర కోసం జేబులు తడుముకుంటుంది.

అయితే అదే ఊరి పీళమేడులో ఒక ఇంటివాళ్ళు ఈ లెక్కను పాడుచేశారు. 1926లో పి.ఎస్. గోవిందస్వామి నాయుడు కొడుకులు నలుగురూ పంపకాలకు కూర్చున్నారు. నలుగురు అన్నదమ్ములు కూర్చుంటే మామూలుగా వకీళ్ళకు పండగ. వీళ్ళేమో ఆస్తిని అయిదు భాగాలు చేసి, అయిదోది ధర్మానికి రాసేశారు. నూటికి ఇరవై! రెండు లక్షల రూపాయల పైచిలుకు. పీఎస్‌జీ అండ్ సన్స్ చారిటీస్ అలా పుట్టింది. అంతకు రెండేళ్ళ ముందే తెరిచిన బడికి 'సర్వజన' అని పేరు పెట్టారు. బడి కడితే మన కులం పిల్లలకే కట్టాలన్న పెద్దమనుషులు ఊరూరా ఉన్న కాలమది.

ఇవాళ ఆ మాటే ప్రతి ట్రస్టు పత్రంలోనూ కనిపిస్తుంది: కులమతాలకు అతీతంగా సేవ. మనుషులు మారారనుకోనక్కర్లేదు. 1961 ఆదాయపు పన్ను చట్టంలో 80జీ అని ఒక సెక్షన్ పెట్టారు. ఒక్క మతానికో కులానికో మాత్రమే అని రాసుకున్న ధర్మసంస్థకు చందా ఇస్తే పన్ను రాయితీ రాదు. ఏ ప్రవక్తా సాధించలేని సర్వమత సమానత్వాన్ని ఆడిటరు ఒక్క పేరాతో సాధించాడు.

కుడిచేతి దానం ఎడమచేతికి తెలియకూడదని ఏసు చెప్పాడు, మహమ్మద్ ప్రవక్తా చెప్పాడు. ఎడమచేతికి తెలియకపోయినా ఊరికి తెలియాలిగా! చర్చి బెంచీ మీద, గుడి ట్యూబ్‌లైటు మీద, మసీదు కూలర్ మీద దాత పేరు ఉంటుంది. ట్యూబ్‌లైటు భక్తుణ్ణి చూసి నవ్వేవాళ్ళు ఒకసారి మధురై వెళ్ళి పుదుమండపం చూడాలి. అక్కడ నాయక రాజులు స్తంభాల మీద తామే నిలుచున్నారు: చేతులు జోడించి, ఒంటినిండా నగలతో, నిండైన పొట్టతో. తిరుమల నాయకుడు దేవేరులతో సహా. ఆ వంశంలోని రాణి మంగమ్మ తీరు వేరు, ఆమె బాటలు వేయించి సత్రాలు కట్టించింది. మధురై రైల్వే స్టేషన్ ఎదుట సత్రానికి ఆమె పేరు ఇంకా ఉంది గానీ, ఆ పేరుతో పాటు బాటసారికి పడకా దొరికింది కనక సరిపెట్టుకోవచ్చు.

పుచ్చుకునేవాళ్ళకు ఈ పట్టింపులేవీ లేవు. రంజాన్ సాయంత్రం మసీదు వాకిట్లో నోన్బు కంజి, అంటే ఉపవాసం విడిచే గంజి, పోస్తారు: నూక, పెసరపప్పు, మెంతులు, వెల్లుల్లి. క్యారియర్ పట్టుకుని వరసలో నిలబడ్డవాళ్ళలో విభూది నుదుళ్ళూ కనిపిస్తాయి. ఆ కంజికి బియ్యం ఏటా తమిళనాడు ప్రభుత్వం ఇస్తుంది. 2002లో గుళ్ళలో అన్నదాన పథకం పెట్టిందీ ప్రభుత్వమే. దేవుడు లేడన్న ద్రావిడ ఉద్యమంలోంచి వచ్చి రాష్ట్రాన్ని ఏలిన పార్టీలు రెండు మతాల వంటిళ్ళూ చూసుకున్నాయి.

మధురైలోనే డాక్టర్ వెంకటస్వామి 1976లో పదకొండు పడకలతో అరవింద్ కంటి ఆసుపత్రి తెరిచాడు. అప్పటికే ఆయన ప్రభుత్వోద్యోగం నుంచి రిటైరయ్యాడు, కీళ్ళవాతంతో వేళ్ళు వంకరపోయి ఉన్నాయి. అక్కడ డబ్బు కట్టేవాళ్ళకొక వైపు, కట్టలేనివాళ్ళకొక వైపు. ఎటు వెళ్ళాలో రోగే తేల్చుకుంటాడు, ఆదాయ ధ్రువపత్రం అడగరు. పల్లెల్లో కంటి శిబిరాల స్థానిక ఖర్చు మాత్రం దాతలు భరిస్తారు: సేవా క్లబ్బులు, భక్త సమాజాలు, షావుకార్లు. పోస్టరు మీద దాత పేరు జానెడు అక్షరాల్లో ఉంటుంది. శుక్లాలతో వచ్చిన ముసలమ్మకు అది కనిపించదు. దాతకు తొందరేం లేదు, ఆపరేషన్ అయ్యాక చదువుకుంటుంది.