నా ఆకారానికి తగ్గ కారు

సైకిల్ నేర్చుకునే రోజుల్లో నాకు ముందు దక్కింది పెడలు. సీటు దక్కడానికి ఇంకో రెండేళ్లు పట్టింది. అద్దెకి తెచ్చిన పెద్ద సైకిల్ మీద అడ్డతొక్కుడు తొక్కిన వాళ్లందరి చరిత్రా ఇదే. సీటు చంకలో ఉంటుంది, కుడికాలు చట్రం సందులోంచి దూరి అవతలి పెడలు మీద ఉంటుంది, బండి మాత్రం ఎలాగో పోతుంది. నలభై ఏళ్ల తర్వాత ఇంగ్లండులో, మా ఇంటి గరాజులో, నా చేతులతో నేనే కట్టుకుంటున్న స్పోర్ట్స్ కారు ముందు నిలబడి మళ్లీ అదే సందేహంలో పడ్డాను. ముందు సీటా, పెడళ్లా?

"ముందు కారవనివ్వండి" అంది మా ఆవిడ. అప్పటికి గరాజులో ఉన్నది గొట్టాలతో అతికిన పంజరం. అందులో పాలసీసాల బుట్ట బోర్లించి, దాని మీద కూర్చుని, చేతిలో లేని స్టీరింగు తిప్పుతూ, నోటితో ఇంజను మోగిస్తున్నాను. ఆలూ లేదు చూలూ లేదు అని ఆవిడ మొదలుపెట్టింది గానీ, సోమలింగం దాకా వెళ్లకుండానే జాలిపడి కాఫీ ఇచ్చి వెళ్లిపోయింది.

ఈ పిచ్చి నేను కనిపెట్టింది కాదు. 1957లో కోలిన్ చాప్‌మన్ లోటస్ సెవెన్ అని రెండు సీట్ల బుల్లి కారొకటి తెచ్చి, విడిభాగాలుగా కూడా అమ్మాడు. అప్పట్లో తయారైన కారు కొంటే కొనుగోలు పన్ను కట్టాల్సి వచ్చేది. ముక్కలు కొని ఇంట్లో బిగించుకుంటే అక్కర్లేకపోయేది. అయితే బిగించే విధానం రాసిన కాగితం జతచేస్తే పన్ను పడేది కాబట్టి, విప్పే విధానం రాసి ఇచ్చేవారని, కొన్నవాళ్లు దాన్ని చివరినుంచి మొదటికి చదువుకుంటూ బిగించుకునేవారని ఇక్కడ కథగా చెప్పుకుంటారు. అది విన్నప్పుడు ఆ కంపెనీలో మన గుంటూరు ఆడిటరెవరో ఉండే ఉంటాడనిపించింది.

1973లో ఆ కారు హక్కులు కేటరమ్ అనే కంపెనీవాళ్లు కొనుక్కున్నారు. 1996లో రాన్ చాంపియన్ అనే ఆయన, పాత ఫోర్డ్ ఎస్కార్ట్ ఒకటి, అంగుళం చదరపు ఇనుప గొట్టాలు కాసిని ఉంటే అలాంటి కారు ఎవరైనా కట్టుకోవచ్చని పుస్తకం రాశాడు. ఖర్చు 250 పౌండ్లేనని అట్ట మీదే ఉంది. నాకు బోల్టులకే అంతయింది. ఈ వాక్యం మా ఆవిడ కంట పడకూడదు.

పుస్తకంలో ప్రతి గొట్టానికీ కొలత ఉంది. డ్రైవరు నడుముకి లేదు. నేనేమో అర మిల్లీమీటరు తేడా వస్తే గొట్టం మళ్లీ కోసినవాణ్ణి, నా నడుముకి టేపు చుట్టి చూసుకోవాలని తోచనివాణ్ణి. కేటరమ్ వాళ్లు 2000లోనే 110 మిల్లీమీటర్లు వెడల్పు పెంచిన చాసిస్ తెచ్చారట. అంటే పొట్టలు ఇంగ్లండులోనూ ఉన్నాయన్నమాట. ఆ సంగతి నాకు అతుకులన్నీ అయ్యాక తెలిసింది.

పాత సామాన్ల యార్డులో మాజ్డా ఎమ్మెక్స్-5 సీట్లు చూశాను. కూర్చుంటే లేవబుద్ధి కాలేదు. టేపు పెడితే సీటు నా పంజరం కంటే రెండు బెత్తెలు వెడల్పుంది. స్టోన్‌లీలో జరిగిన కిట్ కార్ల సంతకి వెళ్లి ఫైబర్‌గ్లాస్ బకెట్ సీట్లు చూశాను. బకెట్ అని ఊరికే అనలేదు. దిగడం సులువే. పైకి రావడానికే ఇద్దరు కావాలి. దుకాణం కుర్రాడు ఒక చెయ్యి, మా ఆవిడ ఒక చెయ్యి పట్టి లాగితే నాతోపాటు సీటు కూడా లేచింది. "బాగా సరిపోయింది సార్" అన్నాడు కుర్రాడు.

పక్కింటి పెద్దాయన కోవెంట్రీలో కార్ల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయిన మనిషి. సీటు కొనడం దండగ, పోత పోసుకో అన్నాడు. రెండు రకాల రసాయనాలు కలిపి చెత్తసంచిలో పోసి, సంచిని పంజరంలో పెట్టి, దాని మీద కూర్చోవాలి. లోపల నురుగు ఇడ్లీపిండిలా పొంగి, వీపు వంపులన్నిటిలోకీ పాకి గట్టిపడుతుంది. రేసు కార్లవాళ్లు చేసేదీ అదే. పావుగంట కదలకూడదు, అంతే.

కూర్చున్నాను. రెండో నిమిషంలో సంచి కదిలింది. మూడో నిమిషంలో వేడెక్కింది. ఆ రసాయనాలు కలిస్తే వేడి పుడుతుందని పెద్దాయన అప్పుడు చెప్పాడు. వేడినీళ్ల సంచి మీద కూర్చుని స్టీరింగు పట్టుకున్నట్టు చేతులు చాపి బిగుసుకుపోయి ఉండగా, ప్యాంటు వెనక జేబులో ఫోను మోగింది. విజయవాడ నుంచి మా అక్క. తియ్యకపోతే ఊరుకునే మనిషి కాదు. పదకొండుసార్లు చేసింది. మోగిన ప్రతిసారీ జేబు దగ్గర నురుగు వణికింది.

సీటు మాత్రం అద్భుతంగా వచ్చింది. నా వెన్నెముకలో ఏ పూస ఎటు వంగిందో డాక్టరు దాన్ని చూసే చెప్పొచ్చు. కుడివైపు కింద మాత్రం పలకలాంటి గుంట ఒకటి పడింది. సరిగ్గా ఫోనంత.

ఇక పెడళ్లు. సీటు నేలకి ఆనించి కాళ్లు బార్లా చాపాక, ముందు బిగించేసిన బ్రేకు పెడలు పాదం మధ్యలో తగుల్తోంది. మునివేళ్ల కింద తగలాలని దాన్ని రెండంగుళాలు కోసి తొక్కే పలక మళ్లీ అతికాను. ఇప్పుడు చక్కగా తగుల్తోంది గానీ తొక్కితే రాయిలా ఉంది. పెద్దాయన ఇరుసు, దూరాలు, నిష్పత్తి అని లెక్క చెప్పబోతుంటే నాకు మా తాత ఏతాం గుర్తొచ్చింది. దూలం పొడుగుంటే పిల్లాడు కూడా నీళ్లు తోడతాడు, కురచదైతే పహిల్వానుకీ నడుం పడిపోతుంది. ఇరుసు నుంచి తొక్కే పలకకి 250 మిల్లీమీటర్లు, బ్రేకు నూనెని నెట్టే కడ్డీకి 50 ఉంటే నా కాలిబలం ఐదింతలవుతుంది. నేను 200కి కోసి నాలుగింతలు చేశాను. అంటే ఆగాలంటే పావువంతు ఎక్కువ తొక్కాలి. బలం పెంచే సర్వో కూడా ఈ కారులో లేదు. పెడలు మళ్లీ పొడుగు చేసి, దాని ఇరుసే పైకి ఎత్తాను.

వెడల్పు సంగతి మాత్రం ఏ లెక్కకీ లొంగలేదు. జానెడు మీద బెత్తెడు సందు. మూడు పెడళ్లు, పదో నంబరు బూట్లు రెండు, స్టీరింగు కడ్డీ, అన్నీ అందులోనే. ఎడమకాలికి ఆనుకునే గేరుబాక్సు సొరంగం, కాబట్టి క్లచ్ తొక్కనప్పుడు ఆ కాలు ఎక్కడ పెట్టుకోవాలో ఇప్పటికీ తేలలేదు. రేసు డ్రైవర్లు మలుపుల్లో ఒకే పాదంతో బ్రేకూ యాక్సిలరేటరూ తొక్కుతారు, దానికి ఏళ్ల సాధన కావాలట. నాకది మొదటిరోజే వచ్చేసింది. మానడమే రాలేదు.

చివరికి బూట్లు విప్పేశాను. ఈ దేశంలో ఉత్తకాళ్లతో నడపడం నేరం కాదు, కారు అదుపులో ఉంటే చాలు. రోజూ కారు పక్కన జోళ్లు విడిచి, వంగి, లోపలికి దిగుతుంటే చూసి, ఇది మీ మతాచారమా అని పోస్టుమాన్ మర్యాదగా అడిగాడు. "అవును, ఏడాదంతా వ్రతమే" అంది మా ఆవిడ.

సొంతంగా కట్టిన కారు రోడ్డెక్కాలంటే ఇక్కడ ఐవీఏ అనే పరీక్ష పాసవ్వాలి. చెయ్యి తగిలే అంచు ఎక్కడా 2.5 మిల్లీమీటర్ల వ్యాసార్ధం కంటే పదునుగా ఉండకూడదు. అది నేను నెలరోజులు అరగదీశాను. మేము అనుకోనిదల్లా పరీక్షాధికారి బక్కపలచటి ఆరడుగుల మనిషి అవుతాడని. బ్రేకులు చూడ్డానికి ఆయనే ఎక్కి, నా ఆకారపు గుంటలో జారిపోయి, కాసేపు కనబడలేదు. దిగాక కుడివైపు తుంటి రుద్దుకుంటూ, సీటులో ఏదో గుచ్చుకుంటోందన్నాడు. కారు పాసయింది.

ఆ గుచ్చుకోవడం నాకూ ఉంది, జేబులో ఫోను లేకపోతే. ఆ ఫోను పోయిన వేసవిలో చచ్చిపోయింది. కొత్తది పెద్దది, గుంటలో పట్టదు. అందుకని కారు తాళాలతోపాటు ఆ చచ్చిన ఫోను కూడా గుమ్మం పక్క కొక్కేనికి వేలాడుతూ ఉంటుంది. బయల్దేరేముందు జేబులో పెట్టుకుని, జోళ్లు విప్పి, ఎక్కుతాను.