టులెట్ సూత్రానికి లశున వ్యాఖ్య

మూలం: గది అద్దెకు. బ్యాచిలర్లకు. శుద్ధ శాకాహారులకే. వెల్లుల్లి వాడరాదు.

అవతారిక: అమీర్‌పేటలో మైత్రీవనం వెనక సందులో, కోచింగ్ సెంటర్ల ఫ్లెక్సీల నడుమ, కిటికీ లేని గదికి వేలాడే అట్టముక్క మీది సూత్రమిది. మూలంలో లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ సంస్కృత కావ్యాల వ్యాఖ్యాత కొలిచాల మల్లినాథసూరి ప్రతిజ్ఞ. అందులో మొదటి సగానికే నేను కట్టుబడతాను.

ప్రతిపదార్థం: గది, అద్దె, బ్యాచిలర్ సుగమాలు. 'శుద్ధ' దుర్గమం గనక వదిలేస్తున్నాం. వెల్లుల్లి, అంటే లశునం, దగ్గర ఆగాలి.

విశేషం: 1890లో హామిల్టన్ బోవర్ అనే బ్రిటిష్ సైనికాధికారి మధ్య ఆసియాలోని కుచాలో ఒక భూర్జపత్ర గ్రంథం కొన్నాడు. సుమారు 1500 ఏళ్ల నాటి ఆ వైద్యగ్రంథం వెల్లుల్లితోనే మొదలవుతుంది. అమృతం తాగిన అసురుడి తల విష్ణువు తెగగొట్టగా, నేల రాలిన నెత్తుటి చుక్కలే వెల్లుల్లి అయ్యాయట. అందుకే బ్రాహ్మణులు ముట్టరట. మరి రోగమొస్తే? గ్రంథకర్త దయామయుడు. ఆవును మూడు రాత్రులు దాదాపు పస్తుంచి, రెండు పాళ్ల గడ్డికి ఒక పాలు వెల్లుల్లి కాడలు కలిపి మేపి, దాని పాలు, పెరుగు, నెయ్యి పుచ్చుకోమన్నాడు. రోగం పోతుంది, ఆచారం నిలుస్తుంది. పస్తు మాత్రం ఆవుకు.

శంక: అద్దెకొచ్చిన కుర్రాడూ ఈ దారి పట్టొచ్చు కదా?

సమాధానం: మెట్ల కింద బైకుకే చోటివ్వరు. గోవుకెక్కడిది?

శంక: ఓనరుగారి సంగతి?

సమాధానం: వారు కొలెస్ట్రాల్ భయంతో పంజగుట్టలో నిమ్స్ ఆసుపత్రి దగ్గరి మందుల షాపు నుంచి వెల్లుల్లి నూనె క్యాప్సూల్స్ తెప్పించుకుని రోజూ మింగుతారు. ఆ మెత్తటి గొట్టం జెలటిన్. దాన్ని మామూలుగా పశువుల ఎముకల నుంచి, తోళ్ల నుంచి తీస్తారు. కనుక సంప్రదాయం తెగలేదు. అప్పుడూ ఇప్పుడూ వెల్లుల్లి పశువు గుండానే వస్తోంది. 'శుద్ధ' దుర్గమమని ముందే మనవి చేశాం.

ఘ్రాణప్రమాణం: నలగని రెబ్బకు వాసన అంతంతే. దంచితేనే ఆ ఘాటుకు మూలమైన అల్లిసిన్ పుడుతుంది. 1944లో కవల్లీటో, బెయిలీ అనే శాస్త్రవేత్తలు దాన్ని వేరుచేసి చూపారు. తిన్నాక అందులోని గంధకం రక్తంలో కలిసి ఊపిరితో బయటికొస్తుంది, పళ్లు తోమినా పోదు. మెస్సులో పప్పు తాలింపు తిన్న పాపానికి ఊపిరి విడవడమే నేరం. ఆ గదిలో పొయ్యికి చోటే లేదు సుమా! కాబట్టి నిషేధం వంటకు కాదు, మనిషికి.

తాత్పర్యం: ద్విజులు వెల్లుల్లి తినరాదంది మనుస్మృతి. తినేవాడికి గది లేదంటోంది బోర్డు. నీది ఏ కులమని అడగడానికి నోరు రాదు. వెల్లుల్లి తింటావా అంటే ఆరోగ్యం గురించి అడిగినట్టుంటుంది. పాలమూరు నుంచి కోర్సుకొచ్చిన పిల్లవాడు అమ్మ దంచి పంపిన ఎల్లిపాయ కారం సీసాను బట్టల మడతల్లో దాచుకోవాలి. వాడిచ్చే రెండు నెలల అడ్వాన్సు నోట్లను మాత్రం ఎవరూ వాసన చూడరు.